పదిహేడో సాయంత్రం

అయనావరంలో మా వరస ఇళ్ళకి ఐదు తలుపులు.
మొదటిది నాది.
కత్తిరి ఎండలు మొదలైన రోజు
మామిడికాయ పప్పు ఎక్కువైతే
సెల్వికి ఒక స్టీలు గిన్నెలో పంపాను.
దాని అంచు కింద చుక్కలు చుక్కలుగా నా పేరు,
కె. అలివేలు, బి.యెస్సీ.
డిగ్రీ పాసైనప్పుడు మా అన్నయ్య కొన్నది.
అక్షరానికి ఇంతని తీసుకుని
కొట్టువాడు చుక్కలు మాత్రం దూరదూరంగా కొట్టాడు.

ఖాళీ గిన్నె తిరిగివ్వడం మర్యాద కాదు.
సెల్వి అసలు తిరిగే ఇవ్వలేదు.
కడిగి, వత్తకొళంబు పోసి ఫిలోమినాకి ఇచ్చింది.
ఫిలోమినా చేపల పులుసు పోసి
కోచ్ ఫ్యాక్టరీలో వెల్డింగు చేసే నెల్లూరు కుర్రాళ్ళకి.
వాళ్ళకి వంట రాదు. నాలుగు అరటిపళ్ళు పెట్టి
పరిమళం టీచరుకి.
టీచరుది ఐదో తలుపు. అక్కణ్ణించి నాకు.

సాయంత్రానికి ఒక్క తలుపు. ఐదు, పది, పదిహేను.
గిన్నె అలాగే తిరిగితే
క్యాలెండరు చూసి చెప్పేయొచ్చు
నా పేరు ఏ రోజు ఎవరి గట్టు మీద బోర్లించి ఉంటుందో.
సాయంకాలం కాలేజీలో ఇదే చెప్పేదాన్ని:
ఐదు అడ్డం ఐదు నిలువు, ఇది మాత్రిక.
వరసకి ఒక్క ఒకటి, తక్కినవి సున్నాలు.
దాన్ని దానితోనే ఎన్నిసార్లు గుణించినా
సున్నాలు చోటు మారతాయి తప్ప
ఒక్కటీ తగ్గదు.

ఈలోగా నా కొత్త నీలం చీర
పిట్టగోడ మీంచి నీళ్ళు కార్చింది
పరిమళం టీచరు వడియాల మీద.
ఆవిడ ఒక మాటంది. నేను రెండన్నాను.
ఆ వారమే, ఐదో సాయంత్రం,
గిన్నె చేతపట్టుకుని
లైటు వెలుగుతున్న నా కిటికీ దాటి
సెల్వి గడప ఎక్కింది.
నాకు వినపడాలనే చెప్పులు ఈడ్చింది.

అన్నం సయించలేదు.
దిద్దుతున్న పేపరు వెనక ఐదో వరసలో
ఇంకో ఒకటి వేసి చూశాను.
ఐదిళ్ళ చుట్టు ఒకటి, నన్ను వదిలేసిన నాలుగిళ్ళ చుట్టు ఒకటి.
నాలుగుకీ ఐదుకీ పొత్తు కుదరదు,
అందుకే గుణిస్తూ పోతే
సున్నాలు రాలిపోతున్నాయి,
మామిడి పిందెల్లా, అక్కడొకటి ఇక్కడొకటి.
ఎన్నో ఘాతానికి అన్నీ రాలిపోతాయో
అదే దాని ఘాతాంకం.
పుస్తకంలో ఇలాంటి మాత్రికని ఆదిమం అంటారు.
ఎవరూ ఎవరి గడపా దాటిపోని వీధికి
ఆ పేరు రాదు.

పదహారో ఘాతంలో ఒక్క సున్నా మిగిలింది.
మొదటి వరస, మొదటి నిలువు.
అందరి నుంచీ అందరికీ దారి ఉంది.
నా నుంచి నాకు లేదు.
నా గడపకి తిరిగి రావాలంటే
ముందు ఐదు రోజుల పెద్ద చుట్టు తప్పదు.
మిగిలిన పదకొండుని
నాలుగులతో, ఐదులతో కట్టి చూడండి.
నేను తెల్లారేదాకా కట్టాను.

పదిహేడుకి కుదురుతుంది. ఐదిళ్ళకి
అంతకన్నా ఆలస్యం ఎక్కడా ఉండదట.
ఆ గడిలో వచ్చిన అంకె ఒకటి.
అంటే ఒకే ఒక్క దారి:
ఆవిడ నన్ను వరసగా మూడుసార్లు దాటిపోవాలి,
నాలుగోసారి ఆగాలి.
దారి ఉందనే లెక్క చెబుతుంది.
వస్తుందని చెప్పదు.

తొమ్మిదో సాయంత్రం చెప్పుల చప్పుడు దాటిపోయింది.
పదమూడో సాయంత్రం కూడా.
మూడోసారి కోపం రాలేదు, వేళ్ళు మడిచాను.
పదహారున గిన్నె ఆవిడ ఇంట్లోనే ఉందని తెలుసు,
కుర్రాళ్ళు అరటిపళ్ళతో వెళ్ళడం చూశాను.

పదిహేడున కరెంటు పోయింది.
చీకట్లో చెప్పులు నా కిటికీ దాకా వచ్చి
ఆగాయి.
"అలివేలూ, లైటు లేక ఏ తలుపో తెలియలేదు" అంది.
ముప్పై ఏళ్ళ నుంచి ఉంటోంది ఇక్కడ.

గిన్నె వెచ్చగా ఉంది. మూతకి చెమట.
కొవ్వొత్తి దగ్గర తీసి చూస్తే
వేయించిన వడియాలు,
రెండు మూడింటి అంచున
నా చీర నీలం.